బండిని ఎంచేది రోడ్డే

విజయనగరంలో బయల్దేరి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి ఒడిశా కొండలెక్కే జాతీయ రహదారిని ఈ ప్రాంతంవాళ్లు చాలాకాలం నలభై మూడో నంబరు రోడ్డనే అన్నారు. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు అది 26 అయింది. ఈ రోడ్డు పక్క ఊళ్లలో పుట్టి, 1980లలో కాలేజీ చదివి, ఉద్యోగం కోసం విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోయిన తరం ఇప్పుడు పదవీ విరమణ వయసుకు వచ్చింది. రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2022 నుంచి 62 ఏళ్లు. పిల్లలు స్థిరపడ్డారు, కారుంది, సొంతూళ్లో పొలమో పాత ఇల్లో ఉంది. ఇలాంటివారిలో చాలామందికి ఒక కోరిక కలుగుతుంది: ఇరవై ముప్పయ్యేళ్ల కిందట వదిలేసిన మోటారు సైకిల్‌ను మళ్లీ ఎక్కాలని. ఆ కోరిక మంచిది, దాన్ని వెనక్కి లాగే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. అయితే ఏ బండి కొనాలన్న ప్రశ్న రాగానే జవాబు చెప్పేది సాధారణంగా జ్ఞాపకమే. కుర్రతనంలో కొనలేకపోయిన బుల్లెట్టో, స్నేహితుణ్ని అడిగి నాలుగు రోజులు నడిపిన ఆర్‌ఎక్స్ 100 వంటిదో కళ్ల ముందు నిలుస్తుంది. నా వాదన వేరు. డెబ్బై ఏళ్లుగా ఈ రోడ్డు మీద తిరిగిన బళ్ల చరిత్ర చూస్తే, ఇక్కడ ఏ బండీ మోజు మీద నిలబడలేదని తెలుస్తుంది. రోడ్డు, మొయ్యాల్సిన బరువు, పెట్రోలు ఖర్చు, దగ్గర్లో దొరికే మెకానిక్, నడిపేవారి ఒళ్లు: ఈ ఐదూ కలిసి బండిని ఎంచాయి. మళ్లీ బండెక్కే పెద్దవాళ్లు తిరిగి తెచ్చుకోవాల్సింది ఆ ఎంపిక పద్ధతిని.

ఈ దారి మోటార్ల కంటే చాలా పాతది. తీరం నుంచి ఉప్పు పైకి, జయపురం వైపు నుంచి ధాన్యం కిందికి లంబాడీల ఎద్దుల మందల మీద నడిచిన వర్తకానికి సాలూరు కనుమే ద్వారం. తర్వాత ఎడ్లబళ్లు వచ్చాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్దం తొలి దశకం చివర పార్వతీపురం దాకా, 1931 నాటికి రాయపూర్ దాకా విజయనగరం లైను వేసింది. దూర ప్రయాణం, భారీ సరుకు రైలుకు వెళ్లిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక లారీలు పెరిగాయి. సాలూరు లారీల ఊరైంది, లారీ బాడీలు కట్టే పనిలో రాష్ట్రంలో విజయవాడ తర్వాత చెప్పుకునేంతగా ఎదిగింది. కానీ ఈ రెండిటికీ అందని ఖాళీ ఒకటి మిగిలింది. గజపతినగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో తాలూకా కేంద్రం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది. మెంటాడ, దత్తిరాజేరు, బొండపల్లి వైపు ఊళ్లవాళ్లు కచేరీకీ, ఆసుపత్రికీ, ఎరువులకీ, సంతకీ ఇక్కడికి రావాలి. పది పాతిక కిలోమీటర్ల దూరం అది. ఎండలో సైకిల్ తొక్కడానికి ఎక్కువ, రోజుకు రెండు మూడుసార్లు తిరిగే బస్సును నమ్ముకోవడానికి కష్టం. మోటారు సైకిల్ ఈ ప్రాంతానికి వచ్చింది ఆ ఖాళీని నింపడానికి. చంపావతి నది దాటి పొలాల మధ్య సాగే ఆ చిన్న దూరాలే ఈనాటి పెద్దవాళ్లు బండి మీద తిరగబోయేదీ. ఈ మాట గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి.

మొదట వచ్చింది బుల్లెట్. 1950ల తొలినాళ్లలో సరిహద్దు కాపలాకు భారత సైన్యం ఇంగ్లండ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ నుంచి 350 సీసీ బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది; తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట విడిభాగాలు బిగించి, తర్వాత అన్నీ ఇక్కడే తయారుచేసింది. పల్లెల్లో ఆ బండి పోలీసులదీ, అధికారులదీ, పెద్ద భూస్వాములదీ. వాళ్లు దాన్ని ఎంచుకోవడానికి హోదా ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. అప్పటి దారులు కంకర, గుల్లమట్టి, వానొస్తే బురద. పెద్ద చక్రాలు గుంటల్లో దిగబడవు. వేగం లేకపోయినా అడుగు నుంచే లాగే ఇంజిన్ గేరు మార్చకుండా ఎత్తు ఎక్కుతుంది. ఇనప భాగాలన్నీ విప్పి బిగించుకోవచ్చు. పెట్రోలు డబ్బు చాలాసార్లు సొంత జేబులోది కాదు. పైగా నడిపేవాడు నడివయసు దాటని, ఒంట్లో సత్తువున్న మనిషి. ఇన్ని కలిసొచ్చాయి గనుక బుల్లెట్ ఆ పనికి సరిపోయింది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా సరిపోయేది కాదు; కిరాణా వ్యాపారి, బడి పంతులు, పాల వ్యాపారి దాని జోలికి పోకపోవడమే దానికి సాక్ష్యం.

ఆ బండిని కదిలించడానికే ఒక విద్య కావాలి. తాళం తిప్పి, ట్యాంకు మీద కాకుండా హెడ్‌లైటు పక్కనున్న ఆమ్‌మీటరు ముల్లు చూడాలి. కిక్ రాడ్డును నెమ్మదిగా తొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా ఆగుతుంది; పిస్టన్ పైకి వచ్చి గాలిని అదిమిన చోటు అది. అక్కడ ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెసర్ మీట నొక్కి, రాడ్డును మరో రవ్వంత కిందికి జార్చి, మీట వదిలి, రాడ్డును మళ్లీ పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తొక్కు తొక్కాలి. తప్పితే రాడ్డు వెనక్కి తన్ని చీలమండను దెబ్బతీస్తుంది. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. జావా, యజ్దీ బళ్లది మరో పద్ధతి: ఎడమవైపున్న ఒకే రాడ్డు కిక్కూ అదే, గేరూ అదే. ఈ అలవాట్లు నేర్చుకున్నవాళ్ల కాళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవి గొప్ప నైపుణ్యాలే. అయితే అవి ఆ యంత్రం కోరిన నైపుణ్యాలు, ఆ యంత్రంతోనే ముడిపడినవి. ఈ విషయం బ్రేకుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

బుల్లెట్‌ను భరించలేనివాళ్ల కోసం 1960లలో మరికొన్ని బళ్లు వచ్చాయి. మైసూరులో ఐడియల్ జావా చెక్ నమూనాతో జావాలు, 1973 నుంచి యజ్దీ పేరుతో, తయారుచేసింది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ పోలండ్ ఎస్‌హెచ్ఎల్ నమూనా ఆధారంగా రాజ్‌దూత్ 175 తెచ్చింది. పల్లెల్లో బాగా పాతుకుపోయింది రాజ్‌దూత్. రెండు వైపులా పాల క్యాన్లు కట్టినా, వెనక ఎరువు బస్తా వేసినా లాగేది. ఇంజిన్ లోపల వాల్వులు లేవు గనుక చిన్న ఊరి మెకానిక్ షెడ్డులో విప్పి సరిచేసేవారు. బదులుగా పెట్రోల్ బంకులో ప్రతిసారీ నూనె కొలిచి కలిపించుకోవాలి, మసి పట్టిన ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దుకోవాలి. పట్నాల్లో బజాజ్ స్కూటర్, 1972 నుంచి చేతక్, రాజ్యమేలింది. కానీ పది అంగుళాల చక్రం, ఇంజిన్ బరువంతా కుడిపక్క ఉన్న ఆ బండి బాడవ గట్ల దారుల్లో ఇబ్బంది పెట్టేది. లైసెన్సుల రాజ్యంలో ఫ్యాక్టరీ ఎన్ని బళ్లు చెయ్యాలో ఢిల్లీ నిర్ణయించేది; చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకున్న కుటుంబాలు ఎన్నో. అది పెళ్లి కట్నాల్లోకి ఎక్కడానికి ఆ కొరతే ఒక కారణం, ఆ దురాచారం ఆడపిల్లల ఇళ్లను అప్పుల్లోకి దించిందన్నది కూడా మరువకూడదు. ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది: అప్పట్లో దొరికేవే నాలుగు రకాలు, అలాంటప్పుడు ఎంపిక అనే మాటకు అర్థమేముంది? ఉంది. ఆ నాలుగిటిలోనే పాలవాడు రాజ్‌దూత్‌నీ, పట్నపు గుమస్తా చేతక్‌నీ, ఎస్సై బుల్లెట్‌నీ పట్టుకున్నారు. కొరత ఉన్నచోట కూడా పనే బండిని వేరుచేసింది.

కొరత తీరినప్పుడు ఏం జరిగిందో చూస్తే ఈ సూత్రం ఇంకా స్పష్టమవుతుంది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరెక్కగలిగే తేలిక మోపెడ్. పంచె కట్టుకున్నవాళ్లూ చీర కట్టుకున్నవాళ్లూ కాలెత్తకుండా ఎక్కవచ్చు, ముందు భాగంలో బస్తా పెట్టుకోవచ్చు. విదేశీ సహకారానికి తలుపు తెరిచాక మూడేళ్లలో వరసగా నాలుగు వంద సీసీ బళ్లు దిగాయి: 1984లో ఇండ్ సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర యమహా ఆర్‌ఎక్స్ 100, 1986లో కవాసాకి బజాజ్. వీటిలో కుర్రకారు గుండెల్లో చోటు దొరికింది ఆర్‌ఎక్స్ 100కే. 98 సీసీ, 11 హార్స్‌పవర్, చెవికి పట్టే ఆ శబ్దం, చిటికెలో అందుకునే వేగం. ఊళ్లను గెలిచింది మాత్రం సీడీ 100. అది నాలుగు స్ట్రోకుల ఇంజిన్. పెట్రోలులో నూనె కలపనక్కర్లేదు, లీటరుకు 80 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పుకుంది, పొగ తక్కువ. 1994లో అదే ఇంజిన్‌తో స్ప్లెండర్ వచ్చాక వ్యవసాయ శాఖ ఉద్యోగి నుంచి ఆర్‌ఎంపీ డాక్టర్ దాకా అందరి గుమ్మం ముందూ అదే కనిపించింది. ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో ఆగిపోయింది. కాలుష్య నిబంధనలు బిగుసుకునేకొద్దీ రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లు షోరూముల నుంచి తప్పుకున్నాయి. యజ్దీ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. ఇష్టపడ్డ బండి ఒకటి, కొన్న బండి ఒకటి. ఇంటి ఖర్చు తెలిసినవాళ్లు రెంటికీ తేడా చూశారు. ఈనాటి పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఆర్‌ఎక్స్ 100 మిగిలి, వాళ్ల నాన్న ఇరవై ఏళ్లు నడిపిన సీడీ 100 మరుగున పడడం సహజం. అయినా తీర్పు నాన్నదే సరైనది.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం బుల్లెట్ సొంత చరిత్రలోనే దొరుకుతుంది. 1994లో ఎన్‌ఫీల్డ్ ఐషర్ సంస్థ చేతిలోకి వెళ్లింది. 2000 నాటికి అమ్మకాలు పడిపోయి, మోటారు సైకిళ్ల వ్యాపారం మూసేద్దామా అన్న ఆలోచన దాకా పోయింది. అప్పుడు పగ్గాలు పట్టిన సిద్ధార్థ లాల్ ఆ బండిని కాపాడిన తీరు చూడండి. పాతకాలపు రూపాన్ని ఉంచి, పాతకాలపు కష్టాన్ని తీసేశారు. గేరు ఎడమవైపుకి, బ్రేకు కుడివైపుకి మారాయి. కాస్ట్ ఐరన్ ఇంజిన్ పోయింది. బటన్ నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది. ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో చేరి నూనె కారడం తగ్గింది. 2009లో ఆ కొత్త ఇంజిన్‌తో వచ్చిన క్లాసిక్ కంపెనీకి రెండో జీవితం ఇచ్చింది. 2018లో జావా పేరుతో, 2022లో యజ్దీ పేరుతో మళ్లీ బళ్లు వచ్చాయంటే ఆ విజయం చూసే. కుడికాలి గేరు, డీకంప్రెసర్, ఆమ్‌మీటరు అంటే ప్రాణం పెట్టే అభిమానులు అప్పుడూ ఉన్నారు. వాళ్లను మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ పేరే మిగిలేది కాదు. జ్ఞాపకాన్ని అమ్ముకుని బతికే కంపెనీ కూడా జ్ఞాపకం చెప్పినట్టు బండి తయారుచెయ్యలేదు. కొనేవాళ్లు అంతకన్నా ఎక్కువ జాగ్రత్తపడడంలో తప్పేముంది?

ఇక ఒంటి సంగతి. ఐదు కారణాల్లో మిగతావి ఈ ముప్పయ్యేళ్లలో చాలావరకు మెరుగయ్యాయి. రోడ్లు బాగుపడ్డాయి, పెట్రోలు లెక్క తగ్గింది, సర్వీసింగ్ సులువైంది. ఒక్క ఒళ్లే వెనక్కి నడిచింది. ఇరవై ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి చేరేది సుమారు మూడో వంతు. ఎదురు లారీ హెడ్‌లైటు కొట్టాక చూపు కుదుటపడడానికి పట్టే సమయం పెరుగుతుంది. మెడ పూర్తిగా తిరగదు, మోకాలు వంగదు, ప్రమాదం చూసి చెయ్యి కదలడానికి పట్టే క్షణం పొడుగవుతుంది. మళ్లీ బండెక్కే నడివయసువాళ్ల సంగతి మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మోటారు సైకిల్ ఉన్నవారి మధ్యగత వయసు 1990లో 32 ఏళ్లయితే 2018 నాటికి 50కి చేరింది; బ్రిటన్‌లోనూ ఇలా తిరిగొచ్చినవారు ఒక పెద్ద వర్గమే. మన దగ్గర ప్రమాదం ఇంకా దగ్గరగా ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. సాలూరు లారీలు వరసగా దాటే రోడ్డు మీద, రామభద్రపురం, మానాపురం సంతలకు పశువులు నడిచే రోడ్డు మీద, కోతల కాలంలో సగం వరకూ ధాన్యం ఆరబోసే రోడ్డు మీద ఈ అంకెకు అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే పాత అలవాటు ప్రమాదంగా మారుతుంది. లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900కు పైగా మోటారు సైకిల్ ప్రమాదాలను శోధించి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హారీ హర్ట్ బృందం 1981లో ఇచ్చిన నివేదిక ఒక సంగతి తేల్చింది. ప్రమాదం ఎదురైనప్పుడు చేతిలో ఉండే సమయం రెండు సెకన్లలోపే. ఆ కాస్త సమయంలో ఎక్కువమంది వెనక బ్రేకు అదిమి చక్రాన్ని జారనిస్తారు, ముందు బ్రేకును సరిగా వాడరు. మన పాత బళ్లు నేర్పిందీ సరిగ్గా అదే. డ్రమ్ము బ్రేకుల కాలంలో మట్టిరోడ్డు మీద ముందు బ్రేకు పడితే పడిపోతావని గురువులు చెప్పారు, అప్పటికి అది సరైన మాటే. దానికితోడు బుల్లెట్ నడిపినవాళ్ల ఎడమకాలు బ్రేకును వెతుకుతుంది. ఈనాటి బండి మీద ఆ కాలు కిందికి తొక్కితే పడేది గేరు. మామూలుగా వెళ్తున్నప్పుడు మెదడు సరిచూసుకుంటుంది. గేదె అడ్డొచ్చిన క్షణంలో పాతికేళ్ల కిందటి కాలే ముందు కదులుతుంది. అందువల్ల తిరిగొచ్చేవాళ్లు బండిలో మొదట చూడాల్సింది బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఈ ఏర్పాటు, భయంతో గట్టిగా నొక్కినా బండిని అదుపులో ఉంచుతుంది. 125 లోపు బళ్లకు ఒక బ్రేకు నొక్కితే రెండోది కూడా కొంత పట్టే సీబీఎస్ చాలని 2019 నాటి నిబంధన. అరవై దాటినవారికి ఈ తేడా ఇంజిన్ శక్తిలో తేడా కన్నా ఎంతో విలువైనది.

బరువు రెండోది, దాని మీద అభ్యంతరాలూ ఎక్కువే. బుల్లెట్ బరువే దానికి స్థిరత్వం, లారీ గాలికి ఊగదు, గతుకుల్లో ఎగరదు అంటారు. కదిలే బండికి ఆ మాట నిజం. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో 195 కిలోల క్లాసిక్ 350 హాయిగానే సాగుతుంది. పెద్దవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఆ వేగంలో కాదు. ఆగేటప్పుడు, తిప్పేటప్పుడు, ఇంటి ముందు వాలులో వెనక్కి నెట్టేటప్పుడు, ఇసక మీద కాలు జారినప్పుడు. అప్పుడు బరువు స్నేహితుడు కాదు. ఇప్పటి క్లాసిక్ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ కన్నా కూడా బరువైనది; దాని సీటు నేలకు 805 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి మునివేళ్లే ఆనుతాయి. 765 మిల్లీమీటర్ల సీటున్న మీటియర్ 350 మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి, కానీ అది 191 కిలోలు, పైగా కాళ్లు ముందుకు చాపి కూర్చునే బండి. గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేవలేరు, దెబ్బంతా నడుముకు తగులుతుంది. 181 కిలోల హంటర్ 350 కాస్త నయం. స్ప్లెండర్ 112 కిలోలు. 160 సీసీ హోండా యూనికార్న్ సుమారు 140 కిలోలు, ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో పెద్ద బండి మీద ఆశ ఇంకా పెరిగింది. ధర తగ్గినంత మాత్రాన బరువు తగ్గలేదు.

ఈ అంకెలన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. మళ్లీ బండెక్కే మనిషికి మొదటి బండి 125 దాటి 160 సీసీ లోపు, 140 కిలోలకు మించకుండా, సీటు 800 మిల్లీమీటర్లలోపు, ముందు డిస్కు, ఏబీఎస్, బటన్ స్టార్ట్, పంక్చరైనా గాలి నెమ్మదిగా దిగే ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నది కావాలి. నిటారుగా కూర్చునే సీటు, వెడల్పు హ్యాండిల్ ఉండాలి. కొనబోయే ముందు షోరూములో మూడు పనులు చెయ్యమని గట్టిగా చెబుతాను: కూర్చుని రెండు మడమలూ నేలకు ఆనుతున్నాయేమో చూడాలి, దిగి, బండిని పది అడుగులు వెనక్కి, కాస్త వాలులో నెట్టి చూడాలి, ఎవరి సాయం లేకుండా సెంటర్ స్టాండు వెయ్యాలి. ఇందులో ఏది కుదరకపోయినా ఆ బండి మీది కాదు. ఆ పైన మెకానిక్. గజపతినగరంలో చేయించగలిగే పని ఏమిటి, విజయనగరం దాకా, అంటే పాతిక కిలోమీటర్లకు పైగా, మోసుకెళ్లాల్సిన పని ఏమిటి అని ముందే అడిగి తెలుసుకోవాలి. రాజ్‌దూత్ కొన్న పాలవాడు అడిగిన ప్రశ్నే ఇది. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన ఇంధన ఇంజెక్షన్ ఇంజిన్లు 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక దాదాపు అన్ని బళ్లకూ వచ్చేశాయి గనుక ఆ ప్రశ్నకు ఇప్పుడు విలువ ఇంకా పెరిగింది.

అలాంటప్పుడు స్కూటరే కొనుక్కోవచ్చు కదా, అసలు కారుండగా బండెందుకు అన్నది బలమైన అభ్యంతరం. ఊళ్లో బజారుకీ బ్యాంకుకీ అయితే స్కూటరే మేలు. మోకాళ్లు అరిగినవారికి, చీర కట్టుకునేవారికి అది మొదటి ఎంపిక కావాలి. హైవే దాటి మెంటాడ వైపు పొలాల్లోకి వెళ్లేవారికి మాత్రం చక్రం ఎంత చిన్నదైతే గుంట అంత లోతు. చేతక్ పల్లెదారుల్లో ఓడిపోయిన కారణం నేటికీ కారణమే. కారు సంగతి వేరు: ఈ కోరిక ప్రయాణ సాధనం గురించి మాత్రమే కాదు. తన చేత్తో, తన తూకంతో ఒక యంత్రాన్ని నడపగలననే నమ్మకం మనిషికి వయసు పెరిగేకొద్దీ ఎక్కువ అవసరం. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బండే సరైన బండి. పడేసి ఆరునెలలు మంచం పట్టించేది దాన్ని శాశ్వతంగా తీసేస్తుంది. ఇంకొకరు అంటారు: జీవితమంతా లెక్కలు చూశాం, ఈ ఒక్క కోరికైనా మనసుకు వదిలెయ్యండి. ఈ మాటను నేను గౌరవిస్తాను. అలాంటివారికి నా జవాబు ఆపడం కాదు, వరస మార్చడం. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం తేలిక బండి నడిపి, ముందు బ్రేకు చేతికి అలవాటై, కాళ్లు కొత్త గేర్లు నేర్చుకున్నాక 350కి వెళ్లండి. అప్పుడు అది మీ చెప్పుచేతల్లో ఉంటుంది. పాత బుల్లెట్‌నో ఆర్‌ఎక్స్ 100నో బాగుచేయించుకునేవారు ఒకటి గమనించాలి: పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దాని డ్రమ్ము బ్రేకులు ఈనాటి లారీల మధ్య ఆపడానికి చేసినవి కావు. ఆదివారం ఉదయం ఖాళీ దారిలో నడపడానికి అది సరిపోతుంది, రోజూ తిరగడానికి కాదు.

చట్టం కూడా ఈ వయసును పట్టించుకుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం యాభై అయిదు దాటినవారికి లైసెన్సు అయిదేళ్లకే చెల్లుతుంది. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరవ్వాలి. నలభై దాటినవారు ఫారం 1ఏలో డాక్టర్ ధ్రువపత్రం ఇవ్వాలి. చాలామంది దీన్ని కాగితాల తంతుగా చూస్తారు. నిజానికి ఇది పెద్దవాళ్లకు ఒక అవకాశం. కంటి డాక్టరుకు నిజంగా చూపించుకుని శుక్లం ఉంటే తీయించుకోవడం, వాడుతున్న మందుల్లో మత్తు తెచ్చేవి ఉన్నాయా అని అడగడం, చీకటి పడ్డాక హైవే ఎక్కనని నియమం పెట్టుకోవడం, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్‌ను ఊళ్లో రెండు వీధుల దూరానికైనా వదలకపోవడం: ఇవన్నీ బండి ఎంపికలో భాగాలే. ఊరి పక్క ఖాళీ కళ్లంలోనో స్కూలు గ్రౌండులోనో వారం రోజులు బ్రేకులు కొట్టి, చిన్న మలుపులు తిప్పి, కాలికి కొత్త అలవాటు నేర్పాలి. ఇరవయ్యేళ్లప్పుడు ఈ రోడ్డు అందరికీ అవే నేర్పింది, పడగొట్టి మరీ. అరవయ్యేళ్లప్పుడు పడే అవకాశం తక్కువగా పెట్టుకుని నేర్చుకోవాలి.

ఇక్కడ బతికిన ప్రతి తరమూ తన పరిస్థితిని తానే తూచుకుని బండిని ఎంచుకుంది. బుల్లెట్ ఎక్కిన ఎస్సై, రాజ్‌దూత్ కొన్న పాల వ్యాపారి, టీవీఎస్ 50 మీద కూరగాయలు సంతకు చేర్చిన రైతు, సీడీ 100తో పిల్లల చదువు గట్టెక్కించిన గుమస్తా: వీళ్లలో ఎవరూ ఇంకొకరి బండి కొనలేదు. తమ పని, తమ దారి, తమ ఒళ్లు అడిగింది కొన్నారు. అందుకే వాళ్ల ఎంపికలు నిలిచాయి, ఆ బళ్లు ఇరవై ఏళ్లు నడిచాయి. మళ్లీ బండెక్కే తరం వాళ్ల పిల్లలే. వాళ్ల నుంచి వచ్చిన ఆస్తి ఏదో ఒక కంపెనీ పేరు కాదు, తన అవసరాన్ని నిజాయితీగా చూసుకునే తెలివి. ఆ తెలివితో ఎంచుకున్న తేలికపాటి బండి మీద డెబ్బై ఏళ్లు వచ్చేదాకా చంపావతి వంతెన దాటి పొలానికి వెళ్లిరావచ్చు. ఆ పదేళ్లనే ఈ ఎంపికకు కొలతగా పెట్టుకోవాలి.